నికర బరువు: ఒక కాంటా ఆత్మకథ

కాంటా ఏ లెక్కైనా సున్నా నుంచే మొదలుపెడుతుంది. అందుకే తన కథ చెప్పుకొనేటప్పుడు కూడా ఈ కాంటా ‘నేను’ అనదు.

ఎల్లారెడ్డిలో ఓ అవుసుల దుకాణంలో దాని కొలువు మొదలైంది. 600 గ్రాముల దాకా తూస్తుంది, 10 మిల్లీగ్రాముల తేడా పట్టేస్తుంది. అంతకుముందు ఆ చోట గురిగింజలతో తూచే ఇత్తడి త్రాసు ఉండేది. ముక్కుపుడకలు, పుస్తెలు, తాకట్టు గొలుసులు పళ్లెంలో పడేవి. అంకె కనపడగానే ముసలి అవుసులాయన ఒకటే మాట అడిగేవాడు: “గిది మొత్తం బరువు. రాళ్లు, లక్క తీస్తే ఎంత?”

దుకాణం మూతపడ్డాక కాంటా లింగంపేట మీదుగా కామారెడ్డికి, ఆయన మనుమరాలి ఇంటికి చేరింది. అక్కడ పళ్లెంలోకి బంగారం రాలేదు. తెల్ల ఎలుక వచ్చింది.

ఎలుక నిలవదు, అంకె నిలవదు. ఆ పిల్ల ప్లాస్టిక్ డబ్బా పెట్టి, మీట నొక్కి సున్నా చేసి, ఎలుకను అందులో దింపేది. అది ముక్కు ఎగరేసి వాసన చూస్తూ ఆగిన క్షణంలో అంకె చదివి నోటుబుక్కులో రాసుకునేది. వారానికోసారి: 304, 309, 315. ఏడాదిన్నర వయసున్న ఎలుక బాగా తింటోందని పిల్ల మురిసిపోయింది. కాంటా అబద్ధం చెప్పలేదు. కానీ అవుసులాయన అడిగే ప్రశ్నను ఎవరూ అడగలేదు.

ఓ సాయంత్రం ముందుకాలి చంక కింద ఆమె వేలికి శనగగింజంత గడ్డ తగిలింది. కొన్ని వారాల్లో అది నిమ్మకాయంత అయింది. అంకె పెరుగుతూనే ఉంది, వెన్నుపూసలు మాత్రం వేళ్లకు గుచ్చుకుంటున్నాయి.

చూసినాయన రోజంతా బర్రెల పొదుగులు పరీక్షించే పశువైద్యుడు. చీముగడ్డ అయితే తొందరగా ఉబ్బి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుందని చెప్పాడు. ఇది నొప్పి లేకుండా చర్మం కింద జారుతోంది. ఆడ ఎలుకకు చనుమొనలు ఆరు జతలు. పాల కణజాలం మెడ నుంచి గజ్జల దాకా, పక్కల మీదికి కూడా పాకి ఉంటుంది. అందుకే చంకలో వచ్చినా అది రొమ్ముగడ్డే కావచ్చు. ముసలి ఆడ ఎలుకల్లో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా. అది చాలావరకు క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. కానీ పెరగడం ఆపదు. ఖాయంగా తేల్చేది మాత్రం సూక్ష్మదర్శినే.

“గంత ఎల్కకు ఆపరేషనా బిడ్డా?” అని తాత ఫోన్‌లో అడిగాడు. “అవును తాతా, పట్నం తీస్కపోతున్న.”

మందు మోతాదు గ్రాముల లెక్కన ఉంటుంది కాబట్టి కాంటా కూడా అదే సంచిలో వెళ్లింది. ఎలుకలు వాంతి చేసుకోలేవు. అందువల్ల కుక్కకు లాగా రాత్రంతా పస్తు పెట్టనక్కర్లేదు. మత్తు కోసం ఐసోఫ్లురేన్ వాయువు, ఒంటి వేడి పడిపోకుండా కింద వెచ్చని పరుపు. పళ్లతో కొరికేయకుండా కుట్లు చర్మం లోపలే వేశారు. వెళ్లేటప్పుడు 321. గడ్డ 58, ఎలుక 263. అంటే 60 కిలోల మనిషి 13 కిలోల మూట మోస్తూ తిరిగినట్టు.

ఆ పట్నంలోనే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, ఈ కాంటా మోయలేని ఎలుకలున్నాయి. 1996లో అక్కడి విస్టార్ జాతి ఎలుకల మందలో పుట్టుకతోనే ఊబకాయం ఉన్న రకం బయటపడింది. వాటిలో కిలో దాటినవీ ఉన్నాయి. వాటికి ఆయుష్షు తక్కువ, కంట్లో శుక్లాలు, ఒంట్లో గడ్డలు.

గడ్డలు ఎలుకకు ఎంత మామూలో మరచిపోతే పెద్ద పొరపాట్లే జరుగుతాయి. జన్యుమార్పిడి మొక్కజొన్న తిని గడ్డలొచ్చాయంటూ 2012లో ఫ్రాన్సులో శాస్త్రవేత్త సెరాలినీ బృందం ఎలుకల ఫొటోలతో ఓ శాస్త్ర పత్రికలో వ్యాసం అచ్చు వేయించింది. అవి స్ప్రేగ్ డాలీ జాతివి. ఏం తిన్నా వయసు మీద పడితే వాటికి గడ్డలొస్తాయని విమర్శకులు ఎత్తిచూపారు. ఆ పత్రిక 2013లో వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది.

అదే జాతి మీద 1995లో అచ్చయిన మరో పరిశీలన పనికొచ్చే సంగతి చెప్పింది. సుమారు మూడు నెలల వయసులో అండాశయాలు తీసేసిన ఎలుకల్లో 4 శాతానికే రొమ్ముగడ్డలు వచ్చాయి, తీయనివాటిలో 47 శాతానికి. ఈ గడ్డలకు ఈస్ట్రోజన్, ప్రొలాక్టిన్ హార్మోన్లు ఊతమిస్తాయి. కామారెడ్డి ఎలుక విషయంలో ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది.

అయిదు నెలలకు గజ్జల దగ్గర రెండో గడ్డ. అప్పటికి దానికి రెండేళ్లు దాటాయి. ఎలుక జీవితమే రెండు మూడేళ్లు. ఈసారి కత్తి వద్దనుకున్నారు. పంజరంలో పై అరలు తీసేశారు, అన్నం మెత్తగా పిసికారు, నొప్పికి మందు చుక్కలు వేశారు. ఎలుకలు ఒంటరిగా ఉండలేవు కాబట్టి తోటి ఎలుకను పక్కనే ఉంచారు.

నోటుబుక్కులో మాత్రం గీతలు మారాయి. మొత్తం ఒక వరుస, గడ్డ అంచనా ఒక వరుస, మిగిలింది ఒక వరుస.

దసరాకు తాత కామారెడ్డి వచ్చాడు. కళ్లద్దాలు పైకి తోసి పళ్లెం మీదికి వంగాడు.

“ఎంత?”

“రెండొందల తొంభై, తాతా.”

“గడ్డ తీస్తే?”

పిల్ల వేళ్లు ఎలుక పొట్ట కిందికి వెళ్లాయి. గాజు మీద అంకె ఇంకా ఊగుతూనే ఉంది.