గసగసాలకు వీసా లేదు

పత్తి కాంటా కొక్కేనికి అట్టపెట్టె వేలాడదీసి దుబాయ్ పోతున్న మా పెద్దమ్మ కొడుకు కళ్లు చిట్లించి చూశాడు. ముప్ఫై కిలోల రెండు వందల గ్రాములు. ధూళిమిట్టలో దుబాయ్ పెట్టె తూకం మా ఇంటి కాడ ఎప్పుడూ పత్తి కాంటా మీదే. తేమ ఎంతుందని అడిగేవాడు ఒక్కడే తక్కువ.

ముప్ఫై దాటిన ఆ రెండు వందల గ్రాములు ఎక్కడ తగ్గించాలని ఇంటిల్లిపాదీ వేపచెట్టు కింద కూర్చున్నారు. మామిడికాయ తొక్కు తియ్యొద్దు. సకినాలు ముట్టొద్దు. కారప్పొడి మాటే ఎత్తొద్దు. చివరికి పెట్టె అడుగున, పాత చీర ముక్కలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతికి తగిలింది. గసగసాలు. సరిగ్గా పావుకిలో.

"ఇది తియ్యాలె" అన్నాను.

"ఎందుకు తియ్యాలె? మరి ఆడ మటన్‌ల ఏమేసుకుంటడు?" అంది పెద్దమ్మ.

మటన్‌లో ఏమేసుకోవాలో చెప్పడం నా వల్ల కాదు గానీ, గసగసాలు వేసుకుంటే మటన్ తినే యోగం ఉండదని చెప్పగలను. దుబాయ్, సౌదీ, ఖతార్‌లలో గసగసాలు మసాలా కాదు, మత్తుమందు. పావుకిలో తెచ్చినవాడు వంటవాడని అక్కడ ఎవరూ అనుకోరు. ఎమిరేట్స్‌లో తమలపాకు మీదా నిషేధమే. మన దగ్గర తాంబూలం ఇస్తే మర్యాద, అక్కడికి తీసుకెళ్తే కేసు.

మనమేమీ తక్కువ తినలేదు. కిరాణా కొట్లో కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే ఈ గసగసాలనే వ్యాపారి విదేశం నుంచి తెప్పించాలంటే ఎక్కడో గ్వాలియర్‌లో ఉన్న సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్‌లో ఒప్పందం రిజిస్టరు చేయించుకోవాలి. ఫలానా దేశంలో నల్లమందు మొక్కను చట్టబద్ధంగానే పండించారని అక్కడి సర్కారు కాగితం కావాలి. అంటే ఒక్క గింజ ఒక ఊళ్లో కూర, ఒక ఊళ్లో ఫైలు, ఇంకో ఊళ్లో జైలు. గింజకు ఈ సంగతి తెలియదు. మోసుకుపోయేవాడికీ తెలియదు. అసలు బాధ అదే.

సర్కారు దగ్గర జాబితా లేదా అంటే, ఉంది. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 11వ సెక్షన్ ఉంది, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నోటిఫికేషన్లు ఉన్నాయి, వాటికి సవరణలు, సవరణలకు మళ్లీ సవరణలు. సరుకులు ముఖ్యంగా రెండు రకాలు: నిషిద్ధం, ఆంక్షలున్నవి. మా ఊరి భాషలో చెప్పాలంటే నిషిద్ధం గోడ. ఆంక్ష మూసిన తలుపు, కొట్టి అడిగి లోపలికి రావాలి. అడక్కుండా తోసుకొస్తే ఆ తలుపు కూడా గోడే అవుతుందని 2003లో ఓంప్రకాశ్ భాటియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. షరతు తప్పిన సరుకంతా నిషిద్ధ సరుకే. తలుపు ఎక్కడుందో కనిపించేలా దీపం పెట్టమని మాత్రం ఎవరూ తేల్చలేదు.

పోనీ తలుపైనా ఒకచోట నిలుస్తుందా? 2023 ఆగస్టు 3న విదేశీ లాప్‌టాప్‌లకు లైసెన్సు కావాలన్నారు. మర్నాడు, ఇప్పుడే కాదు, అక్టోబరు 31 దాకా ఆగమన్నారు. మా ఊళ్లో బోరు మోటారుకు కరెంటు కూడా ఇంత వేగంగా వచ్చిపోదు. ఈ-సిగరెట్ 2019లో పోయింది, విదేశీ డ్రోన్ 2022లో. చైనా పాలపొడి 2008 నుంచే గేటు బయట నిలబడి ఉంది.

వీటన్నిటికంటే మా పెద్దనాయన గుండెలో ముల్లు టీవీ. ఒకప్పుడు దుబాయ్ నుంచి వచ్చిన ప్రతివాడూ దుప్పట్లో చుట్టి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఫ్లాట్ టీవీ తెచ్చేవాడు. 2013లో రూపాయి జారిపోతుంటే పట్టుకోవడానికి ఢిల్లీ చేతికి ఆ దుప్పటే దొరికింది. ఆగస్టు 26 నుంచి టీవీ మీద నూటికి ముప్ఫై అయిదు సుంకం పడింది, పైన సెస్సు. రూపాయి ఆగిందో లేదో గానీ మా పెద్దనాయన ఆగిపోయాడు. ఆ దసరాకు ఉత్త చేతులతో, రెండు టైగర్ బామ్ సీసాలతో దిగాడు.

బంగారం లెక్క ఇంకా సొగసుగా ఉండేది. ఏడాది దాటి విదేశంలో ఉన్నవాళ్లు సుంకం లేకుండా ఎంత నగ తెచ్చుకోవచ్చో 2016 నిబంధనల్లో రాశారు. మగవాడికి 20 గ్రాములు, ఆడమనిషికి 40. పక్కనే ఇంకో గీత 2026 ఫిబ్రవరి దాకా ఉండేది: విలువ మగవాడికి 50,000, ఆడమనిషికి లక్ష దాటొద్దు. 2024లో గ్రాము ఆరు వేలు దాటినప్పుడు ఆ యాభై వేలకు ఎనిమిది గ్రాములు రావడమే గగనం. విస్తరి నిండా వడ్డించి ఒక్క ముద్దే తినమన్నట్టు. అదీ నగ అయితేనే, బిస్కెట్ అయితే ఆ ముద్దా లేదు.

ఇన్ని సంగతులు చదివి మనిషి విమానం ఎక్కాలి. చదవడం దేనికి, మా బస్టాండు చాయ్ హోటల్లో నిపుణులు ఉండగా! "గ్రీన్ చానెల్ల నడువు, మొఖం మామూలుగ పెట్టు" అన్నది అక్కడి ఏకవాక్య చట్టం. చెప్పినవాడు శంషాబాద్ విమానాశ్రయం లోపలికి ఎన్నడూ పోలేదు, బయట కారు పార్కింగ్ దాకా పోయాడు.

మా తాత చెప్పేవాడు, నిజాం రాజ్యానికి కరోడ్గిరి అని సొంత సుంకాల శాఖ ఉండేదని. నాకా దాటే సరుకు మీద నూటికి అయిదు వసూలు చేసేవారట. ఎంత కట్టాలో బండివాడికి ముందే తెలిసేదట. మేం బండి వదిలి విమానం దాకా వచ్చాం.

పెద్దమ్మకు ఇదంతా విప్పి చెప్పాను. ఓపిగ్గా విన్నది. పొట్లం తీసుకుని లోపలికి పోయింది. మిక్సీ చప్పుడు వినిపించింది. కాసేపటికి ధనియాల పొడి డబ్బా ఒకటి తెచ్చి పెట్టెలో కుక్కింది.

"పొడి చేసిన. ఇగ గింజ యాడిది?"

మా అన్న డబ్బా వాసన చూశాడు, నన్ను చూశాడు, మాట్లాడకుండా తీసి గట్టు మీద పెట్టాడు. కాంటా ముల్లు ముప్ఫై లోపుకు దిగింది. అతను దుబాయ్ పోయి వారమైంది. డబ్బా ఇంకా ఇక్కడే ఉంది, రేపు ఆదివారం తలకాయ కూర.