ముట్టుకోరాదు, ఇట్లు యాజమాన్యం

మన ఐటీ కంపెనీలకు ఎట్టకేలకు సర్కారు లక్షణాలు అబ్బాయి. ఎక్కడైనా కొంప మునిగితే ఒక జీవో విడుదల చేసి చేతులు దులుపుకోవడం ప్రభుత్వాల ఆనవాయితీ. కోడ్ రాసే ఏఐ ఏజెంటు కొంప ముంచితే, దానికిచ్చే ఆదేశాల ఫైల్లో ఇంకో వాక్యం చేర్చి చేతులు దులుపుకోవడం కంపెనీల ఆనవాయితీ. ఆ ఫైలును కొందరు ఏజెంట్స్ డాట్ ఎండీ అంటారు, కొందరు క్లాడ్ డాట్ ఎండీ అంటారు. పనిలోకి దిగేముందు ఏజెంటు దాన్ని పొల్లుపోకుండా చదువుతుంది. పాటిస్తుందా అని మాత్రం అడక్కండి. జీవోల గతి తెలిసినవాళ్లు మీరు.

మాదాపూర్‌లో ఓ కంపెనీ ఉందనుకుందాం. అక్కడి ఇన్‌ఫ్రా టీమ్ క్లౌడ్‌లో సర్వర్లు, డేటాబేసులు, నెట్‌వర్కులు లేపడానికి టెర్రాఫామ్ వాడుతుంది. ఏం కావాలో ఫైల్లో రాసుకుంటే, ప్లాన్ అనే కమాండ్ ఏమేం మారబోతున్నాయో చూపిస్తుంది. అప్లై అంటే మార్చేస్తుంది. మామూలు కోడ్‌లో తప్పు దొర్లితే తెరమీద బటన్ పనిచేయదు, అంతే. ఇక్కడ తప్పు దొర్లితే బటన్, తెర, వాటి వెనకున్న కస్టమర్ల ఖాతాలు అన్నీ కలిసికట్టుగా వెళ్లిపోతాయి. అందుకే ఈ పని ఏజెంటుకు అప్పజెప్పేముందు మనవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకున్నారు. అంటే, ఫైలు పొడుగ్గా రాశారు.

'నువ్వు ఇరవై ఏళ్ల అనుభవమున్న టెర్రాఫామ్ నిపుణుడివి' అన్నది అందులో మొదటి వాక్యం. టెర్రాఫామ్ పుట్టిందే 2014లో. మిగతా అనుభవం పోయిన జన్మది కావాలి. 'తప్పులు చేయకు' అన్నది రెండోది. ఇంత తేలికైన కిటుకు ఇన్నాళ్లూ మనుషుల మీద ఎవరూ ప్రయోగించలేదంటే జాలేస్తుంది. కొంచెం కిందికి దిగితే 'ప్రతి మార్పుకూ అనుమతి అడుగు' అని ఉంటుంది. ఇంకొంచెం దిగితే 'చిన్నచిన్న వాటికి అడిగి విసిగించకు' అని ఉంటుంది. ఏది చిన్నదో చెప్పగల మనిషి నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు. 'ప్రాడక్షన్ ముట్టుకోకు' అన్నది మాత్రం మూడు చోట్ల ఉంది, ఆఖరి చోట ఆశ్చర్యార్థకాల దండతో సహా.

ఈ ఫైలు పనిచేస్తోందా అన్న అనుమానం ఒకరోజు టీమ్ లీడ్‌కు వచ్చింది. పాపం, మంచివాడే.

"మన రూల్స్ టెస్ట్ చేశావా?"

"చేశానన్నా. ఎవాల్ పెట్టాం. నూటికి తొంభై ఆరు."

"ఎవరు దిద్దారు?"

"ఇంకో మోడల్ అన్నా."

"దేన్ని చూసి దిద్దింది?"

"మన రూల్స్ ఫైలే ఇచ్చామన్నా."

"మరి ఆ నాలుగు మార్కులు ఎక్కడ పోయాయి?"

"కామెంట్లు సరిగా రాయలేదంట."

లీడ్ సంతృప్తి చెందాడు. డాష్‌బోర్డు పచ్చగా ఉంది. పచ్చగా ఉన్న డాష్‌బోర్డును ప్రశ్నించిన వాడికి మన దగ్గర అప్రైజల్ బాగోదు.

ఆ తొంభై ఆరు మార్కుల్లో ఒక జవాబు సంగతి చూద్దాం. ఫైల్లో 'డేటాబేసులన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి' అన్న రూలుంది. చక్కటి రూలు, ఆడిటర్లకు ప్రాణం. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న ఓ అమెజాన్ ఆర్‌డీఎస్ డేటాబేస్‌కు ఎన్‌క్రిప్షన్ లేదని ఏజెంటు కనిపెట్టింది. కోడ్‌లో ఒకే ఒక్క లైను చేర్చింది: స్టోరేజ్ ఎన్‌క్రిప్టెడ్ ఈక్వల్ టు ట్రూ. వ్యాకరణం సరిగ్గా ఉంది. రూలు పాటించింది. దిద్దే మోడల్ పదికి పది వేసింది.

చిక్కేమిటంటే, ఎన్‌క్రిప్షన్ లేకుండా పుట్టిన ఆర్‌డీఎస్ డేటాబేస్‌కు ఉన్నచోటే ఎన్‌క్రిప్షన్ తొడగడం కుదరదు. స్నాప్‌షాట్ తీసి, దానికి ఎన్‌క్రిప్ట్ చేసిన నకలు తీసి, ఆ నకలు నుంచి కొత్తది లేపుకోవాలి. టెర్రాఫామ్‌కు ఈ ఓపికలన్నీ లేవు. ఉన్నదాన్ని పడగొట్టి కొత్తది కడతానంటుంది. ఆ మాట దాచదు కూడా. ప్లాన్ అడుగున తెలివైనవాడికి వెన్ను జలదరించేలా రాస్తుంది: చేరేది 1, మారేవి 0, ధ్వంసమయ్యేది 1. ఆ లైనును ఏజెంటు చదవలేదు, దిద్దే మోడల్ చదవలేదు, తొంభై ఆరు చూసిన లీడూ చదవలేదు. కొత్త డేటాబేస్ పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. అందులో ఏమీ ఉండదు కాబట్టి దొంగలెవరూ ఏమీ ఎత్తుకెళ్లలేరు కూడా. ఇంతకు మించిన భద్రత ఏ ఆడిటరూ అడగడు.

రూలు తప్పా అంటే కాదు. ఏజెంటు ఎదురు తిరిగిందా అంటే అదీ కాదు, అక్షరాలా పాటించింది. మనం కొలిచింది మాత్రం విధేయతను. మాదాపూర్ వదిలేసి పరిశోధకులు ఎలా దిద్దుతారో చూడండి. 2024లో ఐఏసీ-ఎవాల్ అని 458 టెర్రాఫామ్ ప్రశ్నల పరీక్ష వచ్చింది. జవాబును చదివి మెచ్చుకోవడంతో సరిపెట్టకుండా, దాన్నుంచి ప్లాన్ తీసి, అడిగింది అందులో ఉందా లేదా అని యంత్రంతో తనిఖీ చేస్తారు. పైథాన్ పరీక్షలో 86.6 శాతం తెచ్చుకున్న జీపీటీ-4కు అక్కడ మొదటి ప్రయత్నంలో వచ్చింది 19.36 శాతం. ఆ తర్వాత మోడళ్లు చాలా ముదిరాయి, కాదనను. మన దిద్దుడే ఇంకా ఎల్‌కేజీలో ఉంది.

రూలు విలువ తెలుసుకోవడానికి మహా విద్యేమీ అక్కర్లేదు. రూలు ఉంచి అదే పని కొన్నిసార్లు చేయించు, తీసేసి మళ్లీ చేయించు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకు, ఎందుకంటే అడిగిన ప్రతిసారీ ఏజెంటు ఒకేలా రాయదు. రెండువైపులా ప్లాన్ తీసి పోల్చు. అదీ ఖాళీ ఖాతాలో కాదు, పాత డేటాబేసులు పేరుకుపోయి ఉన్న టెస్ట్ ఖాతాలో. 'కొత్తవన్నీ హైదరాబాద్ రీజియన్‌లోనే పెట్టు' అన్న వాక్యం తీసి చూడండి. 2022 నవంబర్‌లో అమెజాన్ ఇక్కడ రీజియన్ తెరిచింది కానీ, నెట్‌లో ఉన్న నమూనా కోడ్‌లో ఎక్కువ భాగం ఉత్తర వర్జీనియా చిరునామాతోనే ఉంటుంది. చెప్పకపోతే ఏజెంటు మన గచ్చిబౌలి కస్టమర్ల డేటాను అట్లాంటిక్ దాటించడానికి సందేహించదు. కాబట్టి ఆ వాక్యం జీతానికి తగ్గ పని చేస్తోంది. 'నిపుణుడివి' తీసి చూడండి, 'తప్పులు చేయకు' తీసి చూడండి. ప్లాన్‌లో వెంట్రుకంత తేడా రాకపోతే అవి ఎవరి కోసం రాసుకున్నట్టు? రేపు ఏదైనా జరిగితే 'మేం చెప్పాం కదా' అనడానికి. జీవోల పుట్టుక రహస్యమూ ఇదే.

ముట్టుకోకు అని గట్టిగా చెబితే ఏమవుతుందో 2025 జులైలో అమెరికాలో తేలింది. సాస్టర్ వ్యవస్థాపకుడు జేసన్ లెమ్కిన్ రెప్లిట్ ఏజెంటుతో ఓ యాప్ కడుతున్నారు. కోడ్ ఫ్రీజ్ పెట్టారు, ఏమీ మార్చొద్దని పెద్దక్షరాలతో చెప్పారు. ఏజెంటు ప్రాడక్షన్ డేటాబేస్‌నే తుడిచేసింది. వెనక్కి తేవడం కుదరదని కూడా చెప్పింది, తీరా ప్రయత్నిస్తే కుదిరింది. ఆ తర్వాత రెప్లిట్ సీఈఓ అమ్జాద్ మసాద్ క్షమాపణ చెప్పి ప్రకటించిన మార్పు గమనించదగ్గది: డెవలప్‌మెంట్ డేటాబేస్‌ను, ప్రాడక్షన్ డేటాబేస్‌ను వేరుచేయడం. ఇంకా పెద్దక్షరాలు కాదు.

మనుషులేం తక్కువ తినలేదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఇంజనీరొకరు కమాండ్‌లో ఒక ముక్క తప్పు కొడితే, ఉత్తర వర్జీనియాలో ఫైళ్లు దాచే ఎస్3 సేవ కొన్ని గంటలపాటు పడుకుంది. సగం ఇంటర్నెట్ దానితోపాటే పడుకుంది. జాగ్రత్తగా టైపు చేయండని సర్క్యులర్ పంపి అమెజాన్ ఊరుకోలేదు. సర్వర్ల సంఖ్య ఒక హద్దుకన్నా దిగకుండా ఆ టూల్‌నే మార్చింది.

మన మాదాపూర్ మిత్రులు మాత్రం టెర్రాఫామ్‌లోనే ప్రివెంట్ డిస్ట్రాయ్ అనే తాళం ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. ఆ తాళం ఉండేది ఏజెంటు రాసే కోడ్‌లోనే. ఎర్రర్ వస్తే ఎర్రర్‌కు కారణమైన లైనును తీసేయడం కోడ్ రాసేవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య, అది మనిషైనా యంత్రమైనా.

కాబట్టి ఇన్‌ఫ్రా మిత్రులకు ఒకటే విన్నపం. ఏజెంటు వాడే క్లౌడ్ ఖాతాలో డేటాబేస్ డిలీట్ చేసే పర్మిషన్ ఉందో లేదో ఈరోజే చూడండి. ఉంటే తీయించండి. సోమవారం స్టాండప్ దాకా ఆగొద్దు. నాలుగో 'ముట్టుకోకు' ఆ తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు.