మేజోడు మడమ: టీకా తాత్పర్యము

గొట్ట మల్లి పిదప కోసి మడమఁ బెట్టు
వనితఁ జూచి కాలు పరవశించు
పరుల పోగు లాగ భయము గుండెను దూఱు
నేల తెలియుఁ దొడుగు హీనమతికి

అవతారిక: లోకంలో మేజోళ్లు అల్లేవారు పైనుంచి దిగుతూ మడమ దగ్గర ఆగి, వెనక పలక వేసి, దాన్ని మలుపు తిప్పి, పక్కల కుట్లెత్తుకుని, నానా అవస్థా పడి పాదంలోకి వస్తారు. ఈ కవికి ఆ దారి నచ్చలేదు.

ప్రతిపదార్థం: గొట్టము అల్లి = మడమ ఊసే లేకుండా, సినిమా చూస్తూ అల్లి; పిదప = సినిమా అయ్యాక; వనితన్ = అల్లే ఆమెను (మగవాడు అల్లినా మేజోడు చెడదు, యతి చెడుతుంది); పరుల పోగు = మేజోడుది కాని వేరే రంగు నూలు; తొడుగు హీనమతికి = తొడిగి, విప్పి, మంచం కిందకి తన్నేవాడికి; ఏల తెలియున్ = తెలియదని భావం.

'కోసి' అన్నచోట వ్యాఖ్యాతలు జుట్లు పట్టుకున్నారు. పూర్వపక్షం: మూడో పాదంలో పోగు లాగితే సరిపోతున్నప్పుడు ఒకటో పాదంలో కత్తెర దేనికి?

సమాధానం: ఇవి రెండు సంప్రదాయాలు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) గారిది కత్తెర సంప్రదాయం. ముందుగా గుర్తేమీ పెట్టరు. మడమ కావలసినచోట ఒక్క కుట్టు కత్తిరించి, అటూ ఇటూ వరస విప్పుతారు. పిరికివారిది పోగు సంప్రదాయం. 60 కుట్ల మేజోడైతే 30 కుట్లు పరాయి నూలుతో అల్లి, వాటి మీదే మళ్లీ అసలు ఊలుతో అల్లుకుపోతారు. చివర్లో ఆ పోగు లాగేస్తే పైనా కిందా ఉచ్చులు వరసగా నోళ్లు తెరుస్తాయి. భయం గుండెలో దూరేది అప్పుడే. ఒక్కటి జారిందా, గోవిందా. మాకైతే కత్తెర పట్టినవారిదే అసలు సిద్ధాంతమని తోస్తుంది.

తాత్పర్యం: ఆ ఉచ్చులన్నీ సూదుల మీదికెత్తి, వరస విడిచి వరస నాలుగేసి కుట్లు తగ్గిస్తూ అల్లి, మిగిలినవి కలిపి కుట్టేస్తే మడమ. వేళ్ల దగ్గర కొస ముగించే పద్ధతే ఇదీ. మడమ చిరిగితే దాన్నొక్కదాన్నే విప్పి కొత్తది పెట్టుకోవచ్చు. మిగతా మేజోడుకి వార్త కూడా తెలియదు.

విశేషం: చారల ఊలుతో అల్లితే కాలి మీద చారల వరస ఎక్కడా చెదరదు. మూలల్లో అదనంగా రెండేసి కుట్లు ఎత్తుకోనివారికి చిల్లులు తప్పవు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవారికి ఈ మడమ బిగుతవుతుంది. కవి ఈ సంగతి దాచాడు. 'కాలు పరవశించు' అన్నది అతిశయోక్తి అనేవారు జనవరిలో ఒకసారి విస్కాన్సిన్ వెళ్లి రావలెను.