పదిహేను శాతం

బీమా కంపెనీ లీగల్ విభాగంలో రోడ్డు ప్రమాదాల క్లెయిములు చూసే ఉద్యోగం నాది. వైకల్య ధ్రువపత్రంలో డాక్టరు రాసిన శాతమే మనిషికి జరిగిన నష్టమని ఏళ్ల తరబడి నమ్మాను. అది మూర్ఖత్వమని ఇప్పుడు చెబుతున్నాను, కానీ అప్పట్లో దాన్ని నైపుణ్యం అనుకున్నాను.

పోచంపల్లి వైపు నేతకారుడొకాయన. వయసు 38. లారీ గుద్ది కుడి చీలమండ నుజ్జయింది, ఎముక అతుక్కున్నా కీలు బిగుసుకుపోయింది. కాలికి 45 శాతం వైకల్యమని రాశారు. దాన్ని మొత్తం శరీరానికి 15కు కుదించాను. నెలకు 10,000 ఆదాయం, సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పినట్టు భవిష్యత్తు పెరుగుదల కింద దానిపై మరో 40 శాతం, సరళా వర్మ తీర్పులోని పట్టికలో ఆ వయసుకు గుణకం 15. సంపాదన నష్టం 3,78,000 అని తేలింది. అంకెల్లో తప్పు లేదు.

ట్రిబ్యునల్లో మా వకీలు అడిగాడు, నడవగలవా అని. "నడుస్త సార్. మగ్గం మీద కూసుంటే కాలు తొక్కరాదు" అన్నాడాయన. మొదటి మాట కింద గీత గీసుకుని, నడవగలనని ఒప్పుకున్నాడని నివేదిక రాశాను. రెండో మాట నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు. గుంట మగ్గం నేసేవాడు కాళ్లతో చెక్కలు తొక్కితేనే పడుగు విడుతుంది. చీలమండ వంగనివాడికి ఆ పని 15 శాతం తగ్గదు, పూర్తిగా ఆగిపోతుంది. మగ్గం ఆగితే కండెలు చుట్టే భార్య పనీ ఆగుతుంది. ఆమె నష్టం ఏ కాగితంలోనూ లేదు.

చట్టం తెలియక చేసిన పనీ కాదిది. రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది: చూడాల్సింది అవయవం ఎంత పోయిందని కాదు, దానివల్ల సంపాదన ఎంత పోయిందని. ఎడమ చెయ్యి పోతే వడ్రంగి బతుకుతెరువు దాదాపు మొత్తం పోవచ్చు, గుమాస్తా ఉద్యోగం నిలవచ్చు. ఆ తీర్పు నా బల్లమీదే ఉండేది. అవతలి వకీలు ఎత్తితే కొట్టేయడానికి మాత్రమే చదివాను. ఇది తలచుకుంటేనే నాకు ఎక్కువ బాధ.

నేతకారుడి కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అప్పులవాళ్లు ఇంటిమీద పడుతుంటే ఆయన బేరమాడే స్థితిలో లేడు. సంపాదన మొత్తం పోయినట్టు లెక్కిస్తే అదే గుణకంతో 25,20,000. లోక్ అదాలత్ అవార్డుమీద అప్పీలు ఉండదు. కంపెనీకి డబ్బు మిగిల్చానని ఆ రోజు సంతోషంగా ఇంటికెళ్లాను.

ఇప్పుడు ఫైలు తెరిస్తే ధ్రువపత్రాన్ని చివర చూస్తాను. ముందు ఆ మనిషి పని ఏమిటి, అందులో ఏ కాలు, ఏ చెయ్యి ఏం చేస్తుంది అని రాసుకుంటాను. తెలియకపోతే ఆ పని చేసేవాళ్లను అడుగుతాను. పైవాళ్లు మాత్రం ఇంకా శాతం ఎంత అనే మొదట అడుగుతారు. ఆయన పనేమిటో చెప్పాకే ఆ అంకె చెబుతున్నాను.