ముక్క మానితే ముద్ద దిగేదెలా?

ముక్క లేనిదే ముద్ద దిగదన్నది తెలుగు ఇళ్లలో వట్టి మాట కాదు, ఆదివారాలకు అదే రాజ్యాంగం. 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో, పదిహేనేళ్లు నిండినవారిలో తెలంగాణలో నూటికి దాదాపు 99 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 98 మంది మాంసాహారులని తేలింది. అలాంటి నేల మీద, కుక్కర్‌లో మటన్ నాలుగో విజిల్ వేస్తుండగా, పదహారేళ్ల పిల్ల ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "నేను నాన్‌వెజ్ తగ్గిస్తున్నా" అని ప్రకటిస్తే ఇల్లు గతుక్కుమంటుంది. కారణం కోళ్ల ఫారం వీడియో కావచ్చు, భూతాపం కావచ్చు, మొటిమలు కావచ్చు, పక్క బెంచీ స్నేహితురాలు కావచ్చు. అక్కడితో ఆగితే ఏ చిక్కూ లేదు. ఈ కొత్త శాకాహారికి శాకాలు పడవు. వంకాయ దురద, బెండకాయ జిగురు, బీరకాయ నీళ్లు, కాకరకాయ చేదు. ఇక సొరకాయను కూరగాయగా గుర్తించడమే లేదు. మాంసం వద్దు, కూరలూ వద్దు అంటే మిగిలేది బంగాళాదుంప వేపుడు, రెండు నిమిషాల నూడుల్స్. శాకాహారంలోంచి శాకం తీసేసినా ఆహారం మిగులుతుంది కదా అని వాళ్ల లెక్క.

పెద్దల దగ్గర తీర్పు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది: ఈ కాలం పిల్లలకు నాలుక పొగరు. నాయనమ్మ అయితే "మా రోజుల్లో పెట్టింది తినేవాళ్లం" అంటుంది. పెట్టింది వద్దన్నవాళ్ల వీపులు ఏమయ్యేవో చెప్పదు. నా వాదన వేరు. తప్పు నాలుకది కాదు, పొయ్యిది. మన వంటింట్లో మాంసానికో న్యాయం, కూరగాయకో న్యాయం నడుస్తున్నాయి. ఆదివారం మటన్ వైభోగం చూడండి. పొద్దున్నే సంచీ పట్టుకుని కొట్టు ముందు నిలబడి, "తొడ వైపు కొట్టన్నా, మూలుగ బొక్క రెండెయ్యి" అని బతిమాలి మరీ తెస్తారు. పసుపు, ఉప్పు, పెరుగు, అప్పుడే నూరిన అల్లం వెల్లుల్లి పట్టించి గంటసేపు పక్కన పెడతారు. ఉల్లిపాయలు ఎర్రబడేదాకా పొయ్యి దగ్గర కాపలా కాస్తారు. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగాలు దోరగా వేయించి నూరతారు. దించేముందు ఉప్పు సరిపోయిందో లేదో ఇంటిల్లిపాదీ అరచేయి చాపి మరీ చూస్తారు. ఇక మంగళవారం బీరకాయ సంగతి. ఫ్రిజ్ అడుగున మూడు రోజులు పడుకుని లేచినదాన్ని, ఆఫీసుకు టైమవుతుంటే గబగబా చెక్కి, నాలుగు ఆవాలూ ఒక ఎండుమిర్చీ వేసిన తాలింపులో పడేసి, మూతపెట్టి, ఎనిమిది నిమిషాల్లో దింపేస్తారు. దాని ఉప్పు ఎవరూ చూడరు. పిల్ల పళ్లెం పక్కకు తోసిందంటే తిట్లు మాత్రం పిల్లకే. రెండు గంటల వంటనూ ఎనిమిది నిమిషాల వంటనూ పోటీకి దింపి, కూరగాయ ఓడిందనడం ఏ ఊరి న్యాయం?

అసలు మనకు ముక్క మీద ఉన్న మోజు ముక్క మీదేనా, దాని సింగారం మీదా? కోడిని ఉత్త ఉప్పునీళ్లలో ఉడకబెట్టి వడ్డిస్తే దాన్ని విందు అనరు, పథ్యం అంటారు. వేపుడు వాసన వీధి చివరిదాకా వెళ్లడానికి కారణం ఏమిటో 1912లో లూయీ కమీల్ మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బయటపెట్టాడు. వేడికి అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి ఎర్రబడతాయి, వాసనలు పుడతాయి. ఉల్లిపాయ వేగినా, వేరుశనగలు వేగినా, రొట్టె కాలినా జరిగేది అదే. ఇక గ్రేవీలో నాలుకను పట్టుకుని వదలని కమ్మదనం ఉంది చూశారూ, దాని మూలం గ్లుటమేట్ అని 1908లో జపాన్‌లో కికునాయె ఇకెడా కనిపెట్టాడు. కనిపెట్టింది మాంసంలో కాదు, సముద్రపు నాచులో. పండు టమాటాలోనూ అది దండిగా ఉంది. అంత దూరం దేనికి, గుత్తివంకాయనే సాక్షిగా పిలుద్దాం. లేత కాయను తొడిమ ఉంచి, నాలుగు పక్షాలుగా చీల్చి, వేరుశనగలు, నువ్వులు, ధనియాలు, కొబ్బరి వేయించి నూరిన ముద్ద కూరి, సన్నని మంట మీద ఒక్కో వైపూ తిప్పుతూ మగ్గనిస్తే, తోలు ముడతలు పడుతుంది. కూరిన ముద్ద అంచుల దగ్గర కాస్త మాడుతుంది. నూనె పక్కలకు తేలుతుంది. వంకాయ దురదన్న పిల్లే తొడిమ పట్టుకుని చీకుతుంది. ఇంకో సాక్షి హైదరాబాద్ బిర్యానీ పక్కనుండే మిర్చీ కా సాలన్. అందులో ఉన్నది సాక్షాత్తూ మిరపకాయలు! సొరకాయ తినలేనన్నవాళ్లు అది మాత్రం ఇంకో గరిటె పోయించుకుంటారు. కారణం ఆ నువ్వుల, పల్లీల గ్రేవీ. కాయ మారలేదు, దానికి దక్కిన మర్యాద మారింది.

అలాగని పిల్లల ఫిర్యాదులన్నీ వేషాలే అనుకోకూడదు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు చేదని గోల పెట్టాడు. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఈ తేడా పుట్టుకతో వచ్చేదని తర్వాత తేలింది. ఆ పొడిని పోలిన పదార్థాలు క్యాబేజీ కుటుంబంలో ఉన్నాయి. కాబట్టి పిల్లకు క్యాబేజీ చేదుగా ఉండి, తండ్రికి కమ్మగా ఉంటే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. అలాంటి చోట పంతానికి పోకుండా ఆ కూర వదిలేసి ఇంకోటి వండటమే తెలివి. జిగురు సంగతి వేరు, అది వండేవాళ్ల చేతిలోని పని. బెండకాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరాకే తరిగి, వెడల్పాటి మూకుడులో మూత లేకుండా వేయించి, ఉప్పు చివర్లో వేస్తే జిగురు ఉండదు. పెళ్లి విందులో జీడిపప్పు, పల్లీలు వేసిన బెండకాయ వేపుడుకు పిల్లలు మారు అడుగుతారంటే అందుకే. ముక్క కొరికినట్టు ఉండాలంటే మీల్ మేకర్ ఉంది. ఉప్పువేసిన వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్లీ చన్నీళ్లలో వేసి ఇంకోసారి పిండితే ఆ పచ్చివాసన పోతుంది; ఆపైన స్పాంజిలాగా ఏ మసాలా పట్టిస్తే ఆ మసాలా పీల్చుకుంటుంది. చాలామంది ఆ రెండో పిండుడు ఎగ్గొట్టి, తర్వాత పిల్లలకు సోయా పడదని ప్రకటిస్తారు. గోదావరి జిల్లాల వాళ్లకు ఇదీ అక్కర్లేదు. పనసకాయను సన్నగా పొట్టు కొట్టించి, ఆవ పెట్టి వండితే, ఇందులో ముక్కేదీ అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

"ఒక్క మనిషి కోసం రెండు వంటలెక్కడ చేస్తాం?" అన్నది మొదటి అభ్యంతరం, న్యాయమైనదే. రెండు వంటలు వండమని ఎవరూ అనడం లేదు. మసాలా ఒకటే, గిన్నెలు రెండు. ఉల్లి, టమాటా, అల్లం వెల్లుల్లి, గసగసాల గ్రేవీ పెద్ద మూకుడులో తయారయ్యాక సగం కోడిలో పోసి, సగంలో పుట్టగొడుగులో పన్నీరో బంగాళాదుంపో వేస్తే సరి. వారానికి సరిపడా మసాలా ముద్ద ఆదివారమే నూరి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మంగళవారం బీరకాయకూ అందులోంచి రెండు చెంచాల వాటా వస్తుంది. ఇక వెల్లుల్లి ఒలవడం, మీల్ మేకర్ పిండటం ప్రకటన చేసినవారి బాధ్యత. వంటగదిలోకి రాకుండా సిద్ధాంతం మార్చుకుంటే ఆ భారమంతా అమ్మ మీద పడుతుంది. పైగా మనకిది కొత్త విద్యా కాదు. కార్తీక మాసంలో నీసు ముట్టని ఇళ్లెన్నో. అయ్యప్ప మాల వేసుకున్నవారి ఇంట్లో 41 రోజులు ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా వండుతారు. ఇల్లంతా అదే తింటుంది, ఎవరూ చిక్కిపోరు. మాల వేసుకున్న నాన్నను "స్వామీ" అని పిలిచి ఏరికోరి వండిపెట్టే ఇల్లే, మాల లేని పిల్లకు "తింటే తిను, లేకపోతే లే" అంటుంది. తేడా అంతా నల్లబట్టల్లోనే ఉంది.

"ఎదిగే వయసు, బలం ఎక్కణ్నుంచి వస్తుంది?" అన్నది రెండో అభ్యంతరం, దీన్ని నవ్వుతో దాటేయకూడదు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయికి రోజుకు 55 గ్రాములు, అమ్మాయికి 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. రోజు మొత్తంలో వంద గ్రాముల పప్పులు తింటే 22 గ్రాములు, పావుకిలో బియ్యం అన్నంలో సుమారు 18, అర లీటరు పాలూ పెరుగులో 16, గుప్పెడు వేరుశనగల్లో ఏడు. అంటే అరవై దాటింది. బియ్యంలో కొరవడిన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. ముద్దపప్పు అన్నం కలిపిన మొదటి తల్లికి ఈ పేర్లు తెలియకపోయినా లెక్క తెలుసు. కాకపోతే ఇది పప్పు పప్పులా ఉన్నప్పటి మాట. పళ్లెంలో పప్పును గాలించి వెతుక్కోవాల్సిన చారు పోసి, బలం లేదని శాకాహారాన్ని నిందిస్తే పోషకాహార సంస్థ ఏం చేస్తుంది?

రక్తం, బీ12 సంగతీ చెప్పుకోవాలి. బీ12 మొక్కల్లో దొరకదు. మాంసం తగ్గించినవారు పాలు, పెరుగు, వీలైతే గుడ్డు వదలకూడదు. అవీ మానేస్తామంటే డాక్టరును అడిగి మాత్రలు వాడక తప్పదు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే పడుతుంది, భోజనం కాగానే టీ తాగితే పోతుంది. అయితే మాంసం ఉన్న ఇంట్లో రక్తం దానంతటదే పడుతుందనుకోవడం భ్రమ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి 98 మంది మాంసం తినే రాష్ట్రాల లెక్క ఇది. రక్తహీనతకు కారణాలు చాలా ఉంటాయి కానీ, ముక్కలన్నీ ఎవరి పళ్లెంలో పడ్డాక గిన్నె ఆడపిల్ల దగ్గరికి వస్తోందో చూస్తే ఒక కారణం అక్కడే కనబడొచ్చు. ఆదివారం నాలుగు ముక్కలు వారమంతా రక్తానికి పూచీ కావు. రోజూ తినే ఆకుకూరా పప్పే అందుకు దిక్కు.

చివరి అభ్యంతరం అనుభవజ్ఞులది: "ఇదంతా నాలుగు రోజుల ముచ్చట, స్నేహితురాలి పుట్టినరోజున చికెన్ బిర్యానీ కనబడగానే పోతుంది." పోవచ్చు. పోతే నష్టమేమిటి? ఆ నాలుగు రోజుల్లో పిల్లకు బెండకాయ అలవాటైతే అది బిర్యానీతో పోదు. తగ్గించడమంటే సన్యాసం కాదు. వారంలో నాలుగు పూటలు తగ్గినా తగ్గినట్టే, ఒక పూట దారి తప్పినంత మాత్రాన మిగతావి మైలపడవు. మన పక్షపాతం పోవడానికి మాత్రం ఇదే అదను. చేయాల్సిన పరీక్ష కూడా చిన్నదే. వచ్చే ఆదివారం ఆ సంచీ పట్టుకుని, అంతే పొద్దున్నే, అంతే బతిమాలుతూ లేత బీరకాయలు ఏరి తీసుకురండి. ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, నూరిన గసగసాలు, రెండు చెంచాల కొబ్బరి, చివర్లో కొత్తిమీర వేయండి. ఉప్పు సరిపోయిందో లేదో అందరూ అరచేయి చాపి చూడండి. అప్పుడు కూడా పిల్ల పళ్లెం పక్కకు తోస్తే తప్పు బీరకాయదేనని నేనూ ఒప్పుకుంటాను. అంతవరకు దాన్ని మంగళవారాల నుంచి విడుదల చేయండి.