కిరణజన్య సూత్రానికి ‘పత్రవిలాప’ వ్యాఖ్య

మూలం: హరిత మొక్కలు సూర్యరశ్మి సమక్షమున, పత్రహరితము సహాయముతో, కార్బన్ డై ఆక్సైడును, నీటిని వినియోగించుకొని పిండిపదార్థమును తయారుచేసుకొను ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అందురు. (4 మార్కులు)

అవతారిక: మొక్క ఏం తింటుందని అడిగిన పిల్లవాడి నోరు మూయించగోరి గైడుకర్త ఈ సూత్రాన్ని అవతరింపజేస్తున్నాడు, ‘హరితే’తి.

వ్యాఖ్య: ‘మొక్కలు’, ‘నీటిని’ సుగమం. ‘సమక్షమున’ దగ్గర ఆగాలి. నీటి అణువును విడగొట్టే శక్తి ఎండది. చక్కెరలో దాగేదీ, రేపు మన కంచంలో అన్నమై వచ్చేదీ ఆ ఎండే. అంత చాకిరీ చేసినవాణ్ణి గైడు ముఖ్య అతిథిలా కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి పంపేసింది. మనం పీల్చే ప్రాణవాయువు ఊసు మూలంలో లేనే లేదు, అధ్యాహారం చేసుకోవాలి. అది పుట్టేది నీటి నుంచేనని రూబెన్, కామెన్ బృందం 1941లో బరువైన ఆక్సిజన్‌తో గుర్తుపెట్టి మరీ చూపించింది.

శంక: చెట్టు మట్టి తిని పెరగదా?

సమాధానం: తినదు. వాన్ హెల్మాంట్ 200 పౌన్ల ఎండుమట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది. మట్టి తగ్గింది 2 ఔన్సులు. అంతా నీటి మహిమే అనుకున్నాడు, గాలి సంగతి పట్టలేదు. 1648లో అచ్చయిన ఆ జవాబుకు మన పరీక్షలో సున్నా. కానీ మహానుభావుడు తూచాడు!

విశేషం: మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు. కనుక శ్రీగంధం గురించి. ఇది పచ్చని ఆకుల చెట్టు, సూత్రం ప్రకారం స్వయంపోషకం. నేల కింద మాత్రం దాని వేరు పక్క చెట్టు వేరును తడిమి పట్టుకుని, చూషకం దించి, నీరూ లవణాలూ లాగుతుంది. అందుకే నర్సరీవాళ్లు అదే సంచిలో పొన్నగంటి కూర పెంచుతారు. తోటలో రైతు పక్కనే కంది వేస్తాడు, ముందుచూపున్నవాడు సరుగుడు కూడా నాటుతాడు. పూర్వకవులు చందనతరువుకు పాముల్ని చుట్టబెట్టారు, మలయమారుతం వీయించారు, విరహిణులకు పూతలు పూయించారు. దాని వేళ్లు ఎవరింట భోంచేస్తున్నాయో ఒక్క ప్రబంధకర్తా తవ్వి చూడలేదు. చూసి ఉంటే ఎంత శ్లేష దక్కేది! మామిడికొమ్మ మీది బదనిక ఇదే పని పట్టపగలు అందరూ చూస్తుండగా చేస్తుంది. దానికి తోటమాలి తిట్లు, గంధానికి వేలంపాట.

ప్రకృతానికి వద్దాం. ఏదో సూత్రం గురించి కదూ?

శంక: ‘మొక్క ఎండతో తన అన్నం తానే వండుకుంటుంది’ అని రాస్తే తప్పా?

సమాధానం: తప్పు కాదు, మార్కు రాదు. మా మనవరాలు ‘సమక్షమున’ మానేసి ‘ఎండలో’ అని రాసింది. ఎర్రసిరా దాని చుట్టూ గుండ్రంగా తిరిగి, పక్కన ‘సొంత మాటలు వద్దు’ అని ఉపదేశించింది. తొమ్మిదేళ్ల పిల్లకి సొంత మాటలు కాక ఇంకేం ఉంటాయండీ!

తాత్పర్యం: కుండీ మొక్కను రెండ్రోజులు చీకట్లో ఉంచి, ఒక ఆకులో సగానికి నల్లకాగితం చుట్టి, ఎండలో పెట్టాలి. తరవాత ఆ ఆకును స్పిరిట్ గొట్టంలో వేసి, గొట్టాన్ని వేడినీళ్లలో నిలిపితే పచ్చదనం దిగిపోతుంది. పాలిపోయిన ఆకు మీద అయోడిన్ వేస్తే ఎండ తగిలిన మేర నల్లనీలం తిరుగుతుంది, కాగితం కింది మేర తిరగదు. ఇంతే. స్పిరిటూ అయోడినూ బడి బీరువాలోనే ఉన్నాయి, తాళం వేసి. తాళం తీస్తే పిల్లలు చూస్తారు, చూస్తే ఎవరి మాటల్లో వాళ్లు రాస్తారు. అలా రాసిన జవాబులు దిద్దాలంటే చదవాలి. సూత్రం ఎందుకు పుట్టిందో ఇప్పుడు సుగమం.