లష్కర్ కుర్రాళ్లూ, దేవుళ్లయిపోండి!

డొమినియన్స్ ఆడాలని బుద్ధి పుట్టిందా? ముందు మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి, షాపులో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనండి. స్వీడన్‌లో క్రిస్టోఫర్ ఓస్టర్‌మన్, యోహాన్ కార్ల్‌సన్ అనే ఇద్దరు ఇల్‌వింటర్ పేరుతో చేస్తున్న కంప్యూటర్ ఆట ఇది. ఆరో భాగం 2024 జనవరిలో వచ్చింది. సైనికులు మాత్రం ఇప్పటికీ గోరంతే ఉంటారు. మూలన పడేసిన లాప్‌టాప్ కూడా లాగేస్తుంది. అయినా కార్డు కొనండి. ఆ గోరంత రాక్షసుడు గోరంతగానే ఇంకాస్త నిగనిగలాడతాడు.

మాన్యువల్ జోలికి పోకండి. వందల పేజీలుంటుంది, పైగా మనం పుట్టిందే రామాయణం వింటూ. ఆటలో కైలాస, లంక, పాతాళ అని రాజ్యాలే ఉన్నాయి, యక్షులూ నాగులూ ఉన్నారు. (బందర్‌లాగ్ అని ఇంకోటుంది, ఆ పేరు కిప్లింగ్ చలవ.) కాబట్టి కైలాస తీసుకుని, చవగ్గా వస్తున్నాయి కదా అని మర్కటాలను మందలుగా కొనండి. వారధి కట్టిన వంశం, వెనకడుగు వేస్తుందా? వేస్తుంది. నాలుగు దెబ్బలు పడగానే పరుగో పరుగు. ప్రతి సైనికుడికీ ధైర్యం అని ఒక అంకె ఉంటుందనీ, వీటికది తక్కువనీ చెప్పేవాళ్లను పట్టించుకోకండి, వాళ్లు చదివొచ్చినవాళ్లు.

ఆటలో మీరు దేవుడు, ఆ దేవుణ్ణి మీరే తయారు చేసుకోవాలి. ఇంత బాగా ఊహించిన ఆట ఇంకోటి లేదని నేనూ ఒప్పుకుంటాను. డ్రాగన్‌గా పుట్టొచ్చు, కదల్లేని రాతి విగ్రహంగానూ పుట్టొచ్చు. అన్నీ పాయింట్ల బేరమే కనుక అదృష్టాన్ని అమ్మేయండి. దురదృష్టం నెత్తిన పెట్టుకుంటే ఎదురు పాయింట్లిస్తారు. తర్వాత వరదలొచ్చినా, ఆటవికులు రాజ్యం మీద పడినా జాతకం అనుకోండి. ఇంకా చాలకపోతే దేవుణ్ణి చెరలో వేయించండి, మరిన్ని వస్తాయి. ఆయన బయటికొచ్చేదాకా గుళ్లు కట్టే ఖర్చూ పెట్టకండి. ఆ గుళ్లు పెంచే జనం భక్తిని కొవ్వొత్తుల్లో లెక్కిస్తారు. ఆఖరిది ఆరితే ఎంత సైన్యమున్నా ఆట ముగిసినట్టే.

యుద్ధం మొదలయ్యాక మీరు చేయగలిగేది చూడటమొక్కటే. ఆజ్ఞలు ముందే ఇవ్వాలి. మాంత్రికుడికి మొదటి ఐదు వంతులకు మంత్రాలు రాసివ్వొచ్చు, ఆ తర్వాత వాడి ఇష్టం. పక్కన మంటలు కురిపించాల్సినవాడు పనికిరాని మంత్రమేదో జపిస్తుంటే మీరు తెర ముందు కేకలు పెట్టొచ్చు, వాడికి వినపడదు. దీన్ని కొందరు ఆటలోని అందం అంటారు. నాకైతే సగం రోజులు అందంగానూ, సగం రోజులు అన్యాయంగానూ తోస్తుంది. మీరు మాత్రం విలుకాళ్లను సొంత కాల్బలం వెనకే పెట్టి, దగ్గర్లో ఉన్న శత్రువును కొట్టమనండి. బాణాలు ఎవరి వీపుల్లో దిగుతాయో రీప్లేలో తీరిగ్గా చూడొచ్చు.

అసలు సొంత సైన్యమే దండగ. కిరాయి దండులు వేలానికొస్తుంటాయి, బంగారమంతా అక్కడ పోయండి. గడువు తీరాక మీ పక్కింటివాడు ఎక్కువ పాడితే అదే దండు మీ కోట ముందు నిలబడుతుంది. ఈ సలహా సికింద్రాబాద్ వాళ్లకు కొత్తేం కాదు. నిజాం అలీఖాన్ 1798లో ఈస్టిండియా కంపెనీ దండును ఖర్చులిచ్చి మరీ పెట్టుకున్నాడు, హుస్సేన్ సాగర్ అవతల గుడారాలు లేచాయి. ఆ ఖర్చు కిందే 1800లో దత్త మండలాలు కంపెనీకి ధారపోశాడు. అంటే రాయలసీమ పోయింది, దండు పోలేదు. 1806లో ఆ కంటోన్మెంటుకు ఆయన కొడుకు సికందర్ జా పేరు పెట్టారు. ఆటలో దండు కనీసం గడువుకు లేచిపోతుంది.

ఒంటరిగా కంప్యూటర్ మీద గెలిచి చాంపియన్‌నని చాటుకోండి. దానికి దండు పోగేయడమే తప్ప ఎత్తు వేయడం రాదు, అదే ఈ ఆటలో పెద్ద లోపం. ఆ ధీమాతోనే మనుషులతో ఆటకు దిగండి. అందరి ఆజ్ఞలూ ఒకేసారి కదులుతాయి, రోజుకొక వంతు, ఒక్కో ఆట నెలల తరబడి సాగుతుంది. పక్క రాజ్యంతో సంధి చేసుకుని ఆ సరిహద్దులో కాపలా తీసేయండి, మాట తప్పేవాణ్ణి ఆట ఆపాలనేం లేదు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మీ బదులు ఆడమని ఎవరికీ అప్పగించకండి. జూబ్లీ బస్టాండులో బస్సెక్కి ఫోన్ కట్టేయండి. కనుమ నాటికి లంక రాక్షసులు మీ రాజధానిలో ఉంటారు.